ఇల్లు కొన్నవారి లాయరు ఫీజుకు లెక్కలో చోటేదీ?

నెలనెలా అద్దె వస్తుందని ఫ్లాటు కొనే ఉద్యోగి, రిటైరయ్యాక చేతికొచ్చిన సొమ్ముతో రెండు పోర్షన్ల ఇల్లు తీసుకునే టీచరు, డాలస్ నుంచి డబ్బు పంపి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు కొనే ఇంజినీరు.. వీరంతా బయానా ఇవ్వకముందే చేయాల్సిన ఖర్చు ఒకటుంది. లింకు డాక్యుమెంట్లు లాయరు చేతిలో పెట్టి లీగల్ ఒపీనియన్ తీసుకోవడం. ఇల్లు చేతికొచ్చి, అద్దెకిచ్చాక, జులైలో రిటర్ను వేసేటప్పుడు వీరిలో చాలామంది ఆడిటరును అడిగే ప్రశ్న కూడా ఒకటే: ‘లాయరుకిచ్చిన డబ్బు అద్దెలోంచి తీసేయొచ్చా?’ కుదరదని ఆడిటరు చెబుతారు. చట్టప్రకారం ఆ జవాబు సరైనదే. ఆ చట్టం న్యాయంగా ఉందా అన్నదే అసలు ప్రశ్న. లేదనే నా అభిప్రాయం.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ ఈ విషయంలో సూత్రం మారలేదు. అందరికీ అలవాటైన పాత నంబర్లే ఇక్కడ వాడుతున్నాను. ఇంటి అద్దెను ‘గృహ ఆస్తి ఆదాయం’ కింద లెక్కిస్తారు. వచ్చిన అద్దెలోంచి ఆ ఏడాది కట్టిన ఇంటిపన్ను తీసేస్తారు. మిగిలినదానిలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్. ఆపైన గృహరుణం ఉంటే దాని వడ్డీ. ఇక అంతే. 24వ సెక్షన్‌లో ఈ రెండు తగ్గింపులే ఉన్నాయి. మూడోదానికి తలుపు లేదు. సున్నం వేయించినా, లిఫ్టు బాగు చేయించినా, అద్దె ఎగ్గొట్టిన వారిపై కోర్టుకెళ్లినా, కొనేటప్పుడు లాయరుకు ఎంత ఇచ్చినా.. అన్నీ ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి.

మొదటినుంచీ ఇలా లేదు. 2001 ఫైనాన్స్ చట్టానికి ముందు 24వ సెక్షన్‌లో పెద్ద జాబితాయే ఉండేది. మరమ్మతులకు, అద్దె వసూలుకు కలిపి నాలుగోవంతు, బీమా ప్రీమియం, భూమి శిస్తు, ఇల్లు ఖాళీగా ఉన్న కాలానికి మినహాయింపు.. ఇలా ఒక్కోదానికీ ఒక్కో క్లాజు. లెక్కలు సులువు చేయాలని వాటన్నిటినీ తీసేసి 30 శాతం పెట్టారు. బిల్లులు దాచక్కర్లేదు, అధికారితో వాదించక్కర్లేదు. చిన్న యజమానికి అది నిజంగా మేలు చేసిన మార్పే. అయితే అప్పుడు తీసేసిన జాబితాలో ఉన్నవన్నీ ఇల్లు చేతిలో ఉండగా ఏటా వచ్చే ఖర్చులు. ఇల్లు కొనడానికి అయ్యే ఖర్చు ఆ జాబితాలో పాతరోజుల్లోనూ లేదు. కాబట్టి ‘నీ లాయరు ఫీజు 30 శాతంలో వచ్చేసింది’ అనడం చరిత్ర ప్రకారం కూడా నిలవదు.

ఒక లెక్క వేసి చూద్దాం. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో 60 లక్షలకు ఫ్లాటు కొన్నారనుకుందాం. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. బ్రోకరు కమీషను ఒక శాతం చొప్పున 60 వేలు. లీగల్ ఒపీనియన్, ఈసీలు, డాక్యుమెంటు రాయించడం, సర్టిఫైడ్ కాపీలు అన్నీ కలిపి 25 వేలు అనుకుందాం. నెలకు 18 వేల అద్దె వస్తే ఏడాదికి 2.16 లక్షలు. ఇంటిపన్ను 6 వేలు పోతే 2.10 లక్షలు. అందులో 30 శాతం 63 వేలు తీసేస్తే పన్ను లెక్కకొచ్చేది 1.47 లక్షలు. లాయరుకు 25 వేలు ఇచ్చినా, ఒక్క రూపాయి ఇవ్వకుండా బ్రోకరు మాట నమ్మి సంతకం పెట్టినా, ఈ అంకె మారదు. పత్రాలు చూపించుకున్నవారినీ చూపించుకోనివారినీ చట్టం ఒకే గాటన కట్టింది.

మరి ఆ 25 వేలు ఏమవుతాయి? ఇల్లు అమ్మినప్పుడు పనికొస్తాయి. కొన్న ధరకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, కమీషను, లాయరు ఫీజు కలిపితే వచ్చేదే ఆస్తి ‘కొనుగోలు వ్యయం’. అమ్మిన ధరలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది మూలధన లాభం. ఈ ఫ్లాటునే పదేళ్ల తర్వాత కోటీ పది లక్షలకు అమ్మితే, ఖర్చులన్నీ కలిపిన వ్యయం 65.35 లక్షలు, లాభం 44.65 లక్షలు. సెస్సు పక్కన పెడితే 12.5 శాతం చొప్పున పన్ను సుమారు 5.58 లక్షలు. ఖర్చులు కలపకపోతే పన్ను 6.25 లక్షలయ్యేది. మొత్తం మీద 66 వేల పైచిలుకు మిగిలిందన్నమాట, మంచిదే. కానీ అందులో లాయరు ఫీజు వల్ల మిగిలింది ఎంత? 25 వేలలో 12.5 శాతం, అంటే 3,125 రూపాయలు. అదీ పదేళ్లు ఆగాక. అదే 25 వేలను ఆ ఏడాది అద్దెలోంచి తీయనిచ్చి ఉంటే, 30 శాతం శ్లాబులో ఉన్నవారికి అప్పటికప్పుడే 7,500 మిగిలేది.

ఒకప్పుడు ఈ ఎదురుచూపుకు కొంత పరిహారం ఉండేది. ద్రవ్యోల్బణ సూచీతో కొనుగోలు వ్యయాన్ని పెంచి లెక్కగట్టేవారు. 2010-11లో సూచీ 167, 2024-25లో 363. ఆనాడు ఇచ్చిన 20 వేల ఫీజు 43 వేలు దాటి లెక్కకొచ్చేది. 2024 జులై 23 నుంచి ఆ ఇండెక్సేషన్ పోయింది. రేటు 20 నుంచి 12.5 శాతానికి దిగింది. గొడవ జరిగాక, ఆ తేదీకి ముందు కొన్న భూములు, భవనాలకు మాత్రం పాత పద్ధతి, కొత్త పద్ధతుల్లో ఏది తక్కువైతే ఆ పన్ను కట్టే వీలిచ్చారు. అది కూడా దేశంలో నివాసి అయిన వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకే. ప్రవాసులకు లేదు. 2005లో మియాపూర్‌లో స్థలం కొని ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నవారికి, ఆనాటి ధరైనా ఆనాటి లాయరు ఫీజైనా ఆనాటి రూపాయల్లోనే లెక్క. తెలుగు ప్రవాస కుటుంబాల సంఖ్య చూస్తే ఇది చిన్న విషయం కాదు.

80సీ ఉంది కదా అంటారు. నిజమే. నివాస గృహం కొన్న ఏడాది స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, బదలాయింపు కోసం పెట్టిన ఇతర ఖర్చులకు లక్షన్నర పరిమితిలో మినహాయింపు ఉంది. ‘ఇతర ఖర్చులు’ అన్న మాటలో డాక్యుమెంటు రాసిన లాయరు ఫీజును చేర్చమని అడగొచ్చు. కానీ పీఎఫ్, ఎల్ఐసీ, పిల్లల ఫీజులకే ఆ లక్షన్నర నిండిపోతుంది. పైగా ఇప్పుడు అందరికీ డిఫాల్టుగా వర్తించే కొత్త పన్ను విధానంలో 80సీ లేనే లేదు.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. బ్యాంకు లోను తీసుకుంటే బ్యాంకు కూడా తన ప్యానెల్ లాయరుతో అవే లింకు డాక్యుమెంట్లు చూపిస్తుంది. అవే ఈసీలు, అదే ముప్ఫై ఏళ్ల చరిత్ర. ఫీజు కట్టేది మాత్రం కొనేవారే. ఆదాయపు పన్ను చట్టంలో వడ్డీకి ఇచ్చిన నిర్వచనంలో అప్పుకు సంబంధించిన సర్వీసు ఫీజులు, ఇతర చార్జీలు కూడా ఉన్నాయి. కాబట్టి ప్రాసెసింగ్ ఫీజును వడ్డీగా చూపించి అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. దాంతోపాటు బ్యాంకు వసూలు చేసే లీగల్ చార్జీలూ అందులోకే వస్తాయని వాదించడానికి వీలుంది. అంటే ఒకే లాయరు, ఒకే ఫైలు చదివి, బ్యాంకు కోసం ఒపీనియన్ రాస్తే ఆ ఖర్చు అద్దె లెక్కలోకి రావొచ్చు. కొనేవారి కోసం రాస్తే రాదు. అప్పిచ్చినవారి భద్రతకు ఉన్న విలువ, జీవితకాలపు పొదుపు పెట్టేవారి భద్రతకు లేకపోయింది. అప్పు చేయకుండా సొంత డబ్బుతో కొన్నవారికి ఆ పాటి దారి కూడా లేదు.

ఈ ఫీజును విలాసపు ఖర్చుగా చూడటానికి వీల్లేని కారణం మన రిజిస్ట్రేషన్ వ్యవస్థలోనే ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. హక్కుకు ప్రభుత్వం పూచీపడదు. అమ్మేవారికి ఆ ఆస్తిపై హక్కు ఉందో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రారు పని కాదని, ఆ కారణంతో రిజిస్ట్రేషన్ నిరాకరించకూడదని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తేల్చిచెప్పింది. హక్కుకు ప్రభుత్వమే హామీ ఇచ్చే పద్ధతి తెస్తామని ఆంధ్రప్రదేశ్ చేసిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం పెద్ద వివాదమై 2024లో రద్దయింది. అది రద్దు కావడం మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. నాలుగున్నర లక్షలు ప్రభుత్వానికి కట్టినా ‘ఈ ఇల్లు నీదే’ అని ప్రభుత్వం అనదు. ఆ మాట చెప్పాల్సిన భారమంతా 25 వేలు తీసుకున్న లాయరుదే.

ఆ లాయరు చూసేదేమిటో దగ్గరగా చూస్తే ఫీజు విలువ తెలుస్తుంది. 1990లో అన్నదమ్ములు ముగ్గురు పంచుకున్న స్థలం, అందులో ఒకరి వాటా చేతులు మారి ఇవాళ అపార్ట్‌మెంటుగా లేచిందనుకుందాం. పంపకాల దస్తావేజులో మూడు సంతకాలున్నాయి. ఈసీలో ఎక్కడా తాకట్టు లేదు. బయటివారి కంటికి అంతా శుభ్రంగా ఉంది. లాయరు మాత్రం ఒక తేదీ గుర్తు చేసుకుంటారు: 1985 సెప్టెంబరు 5. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ ప్రకారం ఆనాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. ఆ అన్నదమ్ములకు చెల్లెలు ఉందా? ఆమె పెళ్లి ఎప్పుడైంది? దస్తావేజులో ఆమె సంతకం ఎందుకు లేదు? ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మంటారు. తర్వాత సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూస్తారు. జీపీఏ మీద అమ్మిన లింకు ఉంటే, అమ్మకం నాటికి జీపీఏ ఇచ్చిన మనిషి బతికున్నారా అని అడుగుతారు. ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కటి తప్పిపోయినా ఇరవై ఏళ్ల తర్వాత కోర్టు నోటీసు అందుకునేది ఆ ఫ్లాటు కొన్నవారే.

ఇంత పరిశీలించి లాయరు ‘ఇది కొనొద్దు’ అని రాశారనుకోండి. ఇంతకన్నా విలువైన సలహా మరొకటి లేదు. అయినా పన్ను లెక్కలో పూర్తిగా మునిగిపోయేది ఆ ఫీజే. ఇల్లు కొనలేదు కాబట్టి అద్దె లేదు, కొనుగోలు వ్యయమూ లేదు. తర్వాత కొన్న మరో ఇంటి ఖర్చులో దాన్ని కలపడానికీ ఆస్కారం లేదు. మంచి ఇల్లు దొరికేలోపు రెండు మూడు ఫైళ్లు చూపించడం మన ఊళ్లలో మామూలే. జాగ్రత్తగా ఉన్నందుకు పోగొట్టుకునే డబ్బు ఇది.

బయటి దేశాల్లో ఏం జరుగుతోంది? బ్రిటన్‌లోనూ కొనుగోలు సమయపు సొలిసిటర్ ఫీజు మూలధన ఖర్చే. అద్దెలోంచి తీయనివ్వరు, అమ్మినప్పుడే లెక్క. కొనుగోలు కుదరకపోతే అక్కడా ఆ ఖర్చు గాలికే. అయితే అక్కడ కిరాయిదారుతో ఒప్పందాన్ని పునరుద్ధరించడానికి, అద్దె బకాయిల వసూలుకు అయ్యే లీగల్ ఫీజులను అద్దెలోంచి విడిగా తగ్గించుకోవచ్చు. అమెరికా మరో దారి పట్టింది. అద్దె ఇల్లు కొనేటప్పుడు అయ్యే అటార్నీ ఫీజు, రికార్డింగ్ ఫీజు, టైటిల్ ఇన్సూరెన్సు ఇంటి వ్యయంలో కలుస్తాయి. అందులో భవనం వాటాను 27.5 ఏళ్లపాటు తరుగుదలగా ఏటా అద్దెలోంచి తీసేసుకోవచ్చు. అమెరికాలో పన్ను కట్టే తెలుగువారు హైదరాబాద్ అద్దెను అక్కడి రిటర్నులోనూ చూపించాలి. విదేశంలోని ఇల్లు కాబట్టి, 2017 తర్వాత అద్దెకిచ్చినదైతే తరుగుదల కాలం 30 ఏళ్లు. చూడండి, ఇక్కడి లాయరుకు ఇచ్చిన ఫీజు వాషింగ్టన్‌కు పంపే లెక్కలో ఏటా కొంత తగ్గుతుంది. ఢిల్లీకి పంపే లెక్కలో సున్నా.

మన దగ్గర గృహ ఆస్తి ఆదాయానికి తరుగుదల లేదు. అద్దెలకివ్వడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీ అద్దెను వ్యాపార ఆదాయంగానే చూడాలని 2015లో చెన్నై ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారిలో వెళ్తే లాయరు ఫీజు భవన వ్యయంలో కలిసి తరుగుదల రూపంలోనైనా వచ్చేది. 2024లో చేసిన సవరణతో నివాస గృహాలకు ఆ దారి మూసేశారు. ఇంటి అద్దె ఇక గృహ ఆస్తి ఆదాయమే, వ్యాపారం అనడానికి వీల్లేదు. పన్ను ఎగవేతకు ఆ దారి వాడుకుంటున్నారన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ కారణాన్ని కాదనను. కానీ దారి మూసినప్పుడు నిజమైన ఖర్చుకు చిన్న సందైనా వదలాలి.

దీనికి కొత్త సిద్ధాంతమేమీ కనిపెట్టక్కర్లేదు. నమూనా 24వ సెక్షన్‌లోనే ఉంది. ఇల్లు కడుతున్నప్పుడు, ఇంకా అద్దె రానప్పుడు కట్టిన వడ్డీని, ఇల్లు పూర్తయ్యాక ఐదు సమాన వాయిదాల్లో తగ్గించుకోనిస్తున్నారు. వ్యాపారానికైతే 35డీ కింద సంస్థ ఆరంభానికి ముందటి ఖర్చులను, ఒప్పందాలు రాయించిన లీగల్ చార్జీలతో సహా, ఐదేళ్లలో పంచుకోవచ్చు. అద్దె ఇంటి యజమానికీ అదే పద్ధతి చాలు. టైటిల్ పరిశీలనకు, దస్తావేజు రాయించడానికి లాయరుకిచ్చిన ఫీజును 50 వేల పరిమితితో, ఐదేళ్ల వాయిదాల్లో అద్దెలోంచి తీయనివ్వాలి. కొనడం మానుకున్న ఆస్తి తాలూకు ఫీజు కూడా, రెండేళ్లలోపు మరో ఇల్లు కొంటే, అందులో చేరాలి. ఇలా తీసుకున్న మొత్తాన్ని అమ్మకం నాటి కొనుగోలు వ్యయంలో మళ్లీ కలపకూడదు. వడ్డీని రెండుచోట్ల చూపించకుండా 2023లో 48వ సెక్షన్‌ను సవరించినట్టే దీన్నీ కట్టడి చేయొచ్చు.

30 శాతం ఉండగా ఇంకా ఎందుకని ఆర్థిక శాఖ అడుగుతుంది. కొత్త ఇంటికి మొదటి ఐదేళ్లు మరమ్మతులుండవు, ఆ 30 శాతం మిగులే కదా అనీ అంటుంది. దానిలో కొంత నిజముంది. కానీ ఆ మిగులు లాయరుకు చూపించుకున్నవారికీ చూపించుకోనివారికీ సమానంగా అందుతోంది. నా వాదనంతా జాగ్రత్త పడినవారి గురించే. ఖజానాకు పోయేదాని సంగతి కూడా చూద్దాం. ఇవాళ లీగల్ ఒపీనియన్ ఫీజులు చాలాచోట్ల రసీదు లేకుండా, నగదుగా చేతులు మారుతున్నాయి. మినహాయింపు ఉంటే కొనేవారు బిల్లు అడుగుతారు. బిల్లు ఇచ్చినవారి ఆదాయం లెక్కలోకి వస్తుంది. టైటిల్ చూసుకుని కొనేవారు పెరిగితే సివిల్ కోర్టుల్లో పడే స్థలాల దావాలు కొన్నైనా తగ్గుతాయి.

చట్టం మారేదాకా ఇల్లు కొనేవారు చేయాల్సింది మాత్రం ఉంది. లాయరుకు, డాక్యుమెంటు రైటరుకు, బ్రోకరుకు ఇచ్చే ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బిల్లు మీద మీ పేరు, ఆస్తి సర్వే నంబరు లేదా డోరు నంబరు ఉండేలా చూడండి. ‘ఆఫీసు ఖర్చులు’ అంటూ లెక్క చెప్పకుండా అడిగే డబ్బుకు పన్ను లెక్కలో విలువ లేదని తెలుసుకోండి. ఇద్దరి పేరున కొంటే ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్లిందో రాసి పెట్టుకోండి. లోను ఉంటే ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ చార్జీలను విడివిడిగా చూపించే స్టేట్‌మెంటు బ్యాంకునడిగి తీసుకోండి. తండ్రి కొన్న ఇల్లు వారసత్వంగా వస్తే ఆయన కొన్నప్పటి ఖర్చే మీ కొనుగోలు వ్యయం అవుతుంది కాబట్టి ఆయన దగ్గరున్న పాత రసీదులను ఇప్పుడే అడిగి తెచ్చుకోండి. ఇవన్నీ లింకు డాక్యుమెంట్లున్న ఫైలులోనే పెట్టండి. ఇంటిని అమ్మే ఏడాది పన్ను అధికారి అడిగేది ఆ కాగితాలే.